మా వదినెకు డాక్టర్ రాసిన ఎండ

ఆ దినం ఆయితారం. చర్చి నుంచి వచ్చి, తిని, జెరసేపు పండుకొని లేసినం. పొద్దూకుతుంటె నేను వంటింట్ల చాయ్ పెడుతున్న. మా వదినె తన అర్రల నుంచి బయిటకొచ్చింది. తెల్లచీర కట్టుకున్నది. జుట్టు గట్టిగ ముడేసి పిన్నులు పెట్టుకున్నది. చేతుల పాత తోలు సంచి.

"సుజాతా, ఆటోను పిలువు. డ్యూటీకి టైం అయితున్నది" అన్నది.

మా వదినె నర్సు కొలువు నుంచి రిటైరై అప్పటికే ఐదారేండ్లు. పరాష్కం ఆడుతున్నదేమో అనుకొని నేను నవ్విన. ఆమె నవ్వలె. దవాఖానల పగటి స్టాఫ్ ఇంటికి పోయేటందుకు నిలబడి ఉన్నరని, తను పోయేదాంక పేషెంట్లను ఎవరు చూడాలెనని గట్టిగ అడిగింది. పెండ్లయి ఈ ఇంట్లకు వచ్చినప్పటి సంది ఆమె నాతోని గంత గట్టిగ ఎన్నడు మాట్లాడలె. నువ్వు రిటైరైనవ్ గద వదినె అని మెల్లగ చెప్పిన. నేను ఆమెకు తెల్వని భాషల ఏదో అన్నట్టు నా మొకం దిక్కు చూసింది. పోయి మంచం మీద కూసొని సంచి ఒళ్లె పెట్టుకున్నది. నేనిచ్చిన చాయ్ చల్లారిపోయింది.

మా ఆయన ఇంటికొచ్చినంక చెప్పిన. ఆయన గూడ ముందుగాల నవ్విండు. అక్క దగ్గరికి పోయి కూసున్నడు. బయిటకొచ్చేసరికి ఆయన మొకంల నవ్వు లేదు. "నన్ను బాపు అని పిలిచింది" అన్నడు. వాళ్ల నాయిన చచ్చిపోయి నలభై ఏండ్లు దాటింది.

మా వదినె పేరు సలోమి. మా ఆయన దేవదానంకు సొంత అక్క. తల్లి, నాయిన ఒకరి ఎన్క ఒకరు పోయినప్పుడు ఈయన బడిపిల్లగాడు, ఆమె నర్సు ట్రైనింగ్‌ల ఉన్నది. కొలువు దొరికినంక ఆమె నైట్ డ్యూటీ అడిగి తీసుకున్నది. పొద్దుగాల వచ్చి తమ్మునికి వండిపెట్టి, బడికి తోలి, పగలు అంబటాల్ల పండుకునేది. మాపున మళ్ల లేసి దవాఖానకు పోయేది. అందరు నైట్ డ్యూటీ వద్దని దండం పెడితె ఈమె కావాలని అడుగుతదని దవాఖానల చెప్పుకునేటోళ్లట. గట్లనే రిటైర్ అయ్యేదాంక చేసింది. పెండ్లి చేసుకోలె. ఎందుకు చేసుకోలేదని నేనొకసారి అడిగిన. "పండుకునేటందుకే టైం లేకుండె, పెండ్లికేడ ఉంటది" అన్నది.

నన్ను చూసి, ఇష్టపడి, తమ్మునికి చేసుకొచ్చింది ఆమెనే. ఆడబిడ్డ ఉన్న ఇల్లు, జెర జాగ్రత్త అని మా అమ్మ నాకు మస్తు చెప్పి పంపింది. ఆ జాగ్రత్త నాకు ఎన్నడు అక్కెరకు రాలె. నా కాన్పుకు ఆమె డ్యూటీల లేకున్నా వచ్చి, నా నడుము రాసుకుంట నా పక్కకే కూసుంది. నా బిడ్డ చెవిల మొదటి ప్రార్థన ఆమెనే చెప్పింది. హైదరాబాద్‌ల మా జహనుమా గల్లీల సగంమంది పిల్లలు ఆమె చేతుల మీదనే పుట్టిండ్రు. బయిటకు పోతె ఎవలో ఒకరు "నర్సమ్మా సలాం" అనేటోళ్లు.

మా ఇల్లు గురించి గూడ చెప్పాలె, ఎందుకంటే ఆమె జబ్బుల ఇంటికి గూడ భాగం ఉన్నది. వదినె జీతం పెట్టి కట్టిన రెండర్రల ఇల్లు, ముంగట చిన్న వాకిలి. నేను కొత్తగ వచ్చినప్పుడు పొద్దుగాల లేస్తె వాకిట్ల ఎండ అంబటాల్ల దాంక ఉండేది. వడియాలు ఎండబెట్టుకునేదాన్ని. తొంభైలల్ల మా చుట్టుముట్టు అన్ని బంగ్లాలు లేసినయ్. తూర్పుదిక్కు ఖలీల్ భాయ్ మూడంతస్తులు కట్టిండు. పడమటోళ్లు, ఎన్కటోళ్లు గూడ కట్టిండ్రు. ఎవరి జాగల వాళ్లు కట్టుకున్నరు, లొల్లి చేసేటందుకు ఏముంటది? మా ఇంట్ల పగటిపూట గూడ ట్యూబ్‌లైట్ వేసుకునుడు షురూ అయింది. బట్టలు ఆరవు, గోడలకు చెమ్మ. గిదొక్కటే కష్టం అనుకున్నం.

ఆ ఆయితారం తర్వాత ఒకటొకటి బయిటపడ్డయ్. పగలంత వదినె కుర్చీల కూసొని కునికేది. పొద్దూకంగనే ఆమెకు పానం నిమ్మళంగ ఉండకపోయేది. అర్రల నుంచి వాకిట్లకు, వాకిట్ల నుంచి అర్రలకు తిరిగేది. దర్వాజ గొళ్లెం తీస్తది, నేను పెడత, మళ్ల తీస్తది. మూలకు నీడను చూసి ఎవరో నిలబడ్డరనేది. ఒకదినం చేతుల ఉన్న స్టీలు గిలాస నా దిక్కు ఇసిరింది. కనుబొమ్మ మీద తగిలింది. మర్నాడు పొద్దుగాల ఆ వాపు చూసి, "ఏంది పిల్లా, ఏడ గుద్దుకున్నవ్?" అని ఆమెనే వేడినీళ్ల గుడ్డతోని కాపడం పెట్టింది. నేను తలకాయ దించుకొని పెట్టించుకున్న.

రాత్రుళ్లు ఆమెకు నిద్ర లేదు కాబట్టి మాకు గూడ లేదు. నేను దగ్గర్లనే ఒక ప్రైవేటు బడిల టీచర్‌ను. స్టాఫ్ రూంల బల్ల మీద తలపెట్టి పండుకునేదాన్ని. మా ఆయన వాటర్ డిపార్ట్‌మెంట్‌ల క్లర్క్, ఆఫీసుల తప్పులు రాసి మాట పడుతున్నడు. మా ఒక్కగానొక్క బిడ్డ హాస్టల్‌ల ఉండి చదువుకుంటున్నది. ఇంటి సంగతి దానికి సగమే చెప్పేటోళ్లం.

ఒక మాపటికి నేను మార్కెట్ల నుంచి వచ్చేసరికి దర్వాజ తెరిచి ఉన్నది, వదినె లేదు. గల్లీ అంత దేవులాడినం. మా ఆయన అఫ్జల్‌గంజ్ దిక్కు పోయే బస్సుల్ల ఎక్కి దిగి చూసిండు, ఎందుకంటే ఎన్కట ఆమె డ్యూటీకి పోయేది ఆ బస్సులనే. చివరికి ఖలీల్ భాయ్ తన స్కూటర్ మీద తోల్కొచ్చిండు. ఫలక్‌నుమా స్టేషన్‌ల పట్టాల పక్కపొంటి నడుస్తుంటె చూసిండట. నొప్పులు పడుతున్న ఆడామె ఉన్నది, నన్ను పోనియ్యుండ్రి అని అందరిని బతిమాలుతున్నదట. స్కూటర్ దిగినంక చూస్తె ఆమె కాళ్లకు చెప్పులు లేవు. నేను కాళ్లు కడుగుతుంటె, "ఆమెకు ఏమైందో ఏమో" అని ఏడ్చింది. ఏ ఆడామెనో, ఎన్నేండ్ల కిందటి సంగతో.

మాకు దగ్గర్ల ఉన్న డాక్టర్ దగ్గరికి తీస్కపోయినం. ఆయన బీపీ చూసిండు, షుగర్ చూసిండు. వయసు మీద పడ్డది, ఏం చేస్తం అన్నడు. స్లీపింగ్ టాబ్లెట్ రాసిండు. అది వేసిన మొదటి రాత్రి ఇల్లంత నిద్రపోయింది. మా ఆయన పొద్దుగాల లేసి దేవునికి స్తోత్రం చెప్పిండు. కాని వారం తిరగకముందే ఆమె ఆ మత్తుల బాత్రూంకు పోతుంటె పడ్డది. కుడిచేతి మణికట్టు ఇరిగింది. పట్టీ వేసిన డాక్టర్, ఈ వయసుల ఈ టాబ్లెట్ వేసి నడవనిస్తె గిట్లనే అయితదన్నడు. ఈసారి నడుము ఇరుగుతదని చెప్పి పెద్ద దవాఖానల న్యూరాలజీకి రాసిచ్చిండు.

అప్పటికే మా ఆయన ఇంకో ఆలోచన చేసిండు. నాకు చెప్పకుంట ఊరిబయిట మిషన్ వాళ్లు నడిపే వృద్ధాశ్రమానికి పోయి అడిగొచ్చిండు. క్రిస్మస్ అయినంక ఒక జాగ ఖాళీ అయితదన్నరట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆయన నా మొకం చూడలె. అన్నం కలుపుతనే ఉన్నడు, తింటలేడు. నేను కోపం చేయలె. ఆయనను ఎత్తుకొని పెంచిన మనిషిని ఆయనే తోలి రావాల్నంటె ఆయన ఎంత అలిసిపోయిండో నాకు సమజైంది. ముందుగాల ఆ పెద్ద దవాఖానల చూపిద్దాం, తర్వాత మాట్లాడుదాం అన్న.

న్యూరాలజీల సీటీ స్కాన్ తీసిండ్రు, రక్తపరీక్షలు చేసిండ్రు. మమ్ముల చూసిన డాక్టరమ్మది కోస్తా దిక్కు. నడీడు మనిషి, నెమ్మది మాట. వదినెను మస్తు ప్రశ్నలు అడిగింది. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, వంద నుంచి ఏడు తీస్తె ఎంత అని. వదినె కొన్నిటికి చెప్పింది, కొన్నిటికి మాట తప్పించింది.

"ఇప్పుడు పొద్దునా, సాయంత్రమా చెప్పండి" అని డాక్టరమ్మ అడిగింది.

వదినె చుట్టు చూసింది. అది లోపటి అర్ర. నాలుగు గోడలు, మీద ట్యూబ్‌లైట్.

"ఈడ కిటికీ లేదు. నేనెట్ల చెప్పాలె?" అన్నది.

డాక్టరమ్మ నవ్వింది. రాస్తున్న పెన్ను ఆపింది. మీ ఇంట్ల ఈమె కూసునే జాగల కిటికీ ఉన్నదా అని నన్ను అడిగింది. ఉన్నది గని కిటికీ తెరిస్తె ఖలీల్ భాయ్ గోడ కనపడతదని చెప్పిన. పగలు ఎంతసేపు బయిట ఉంటదని అడిగింది. రిటైరైన సంది ఆయితారం చర్చికి తప్ప ఏడికి పోదన్న. ఎన్నేండ్లు నైట్ డ్యూటీ చేసిందని అడిగింది. సర్వీసంత అని చెప్తె డాక్టరమ్మ కుర్చీ నా దిక్కు తిప్పుకున్నది.

ఆమె చెప్పింది నాకు ఇప్పటికి అక్షరం అక్షరం యాదికున్నది. "చూడండమ్మా, ఇది డిమెన్షియా. దాన్ని నేను వెనక్కి తిప్పలేను, ఎవరూ తిప్పలేరు. కానీ రాత్రీ పగలూ తారుమారవడం, పొద్దుగూకేసరికి ఆందోళన పడటం, అది వేరే. దాన్ని సన్‌డౌనింగ్ అంటారు. దానికి మాత్రం ప్రయత్నం చేద్దాం."

మన ఒంట్ల ఒక బాడీ క్లాక్ ఉంటదని, దాన్ని దినాం సరిచేసేది పొద్దుగాలటి వెలుతురేనని చెప్పింది. వయసు పెరుగుతుంటె ఆ గడియారం బలం తగ్గుతది. కంట్ల లెన్స్ పసుపుబడి వెలుతురు లోపటికి తక్కువ పోతది. ఈమె బతుకంత రాత్రులు మేల్కొన్న మనిషి, ఇప్పుడేమో పగలు గూడ చీకటింట్ల కూసుంటున్నది. ట్యూబ్‌లైట్ కింద మనకు మంచిగనే కనపడతది గని, ఆ గడియారం లెక్కల అది చీకటే. బయిటి దేశాలల్ల గిట్లాంటోళ్లకు పొద్దుగాల ఒక పెద్ద లైట్ పెట్టె ముంగట కూసోబెడతరు, దాన్ని బ్రైట్ లైట్ థెరపీ అంటరు, ఇక్కడ అది దొరకదు అన్నది. "మనకి ఆ పెట్టె ఎందుకమ్మా, హైదరాబాద్‌లో ఎండకి కొదవా?" అని తనే అన్నది.

చీటీ మీద టాబ్లెట్ పేర్ల కింద ఆమె రాసింది: పొద్దున లేవగానే ఒక గంట ఆరుబయట. మందు రాసినట్టే రాసింది. సూర్యుణ్ణి సూటిగ చూడొద్దు, కండ్లు తెరిచి ఉంటె చాలు. ఎండ ముదరకముందే లోపటికి తేవాలె. పగలు కునకనియ్యొద్దు. స్లీపింగ్ టాబ్లెట్ మెల్లమెల్లగ తగ్గించుండ్రి, ఒక్కసారి బంద్ చేయొద్దు. అన్నిటికంటె ముందుగాల కండ్ల డాక్టర్‌కు చూపించి రాండ్రి అన్నది.

బయిట బెంచీ మీద మా ఆయన ఆ చీటీని తిప్పి తిప్పి చూసిండు. "గింత పెద్ద దవాఖానకొస్తె ఎండ రాసిచ్చిండ్రేంది?" అన్నడు. నాకు గూడ పూర్తిగ నమ్మకం లేకుండె. కాని చేసి చూస్తె పోయేదేముంది? క్రిస్మస్ దాంక నాకు వదిలిపెట్టు అన్న. ఆయన సరే అన్నడు.

కండ్ల దవాఖానల రెండు కండ్లకు కాటరాక్ట్ ఉన్నదని తేలింది. పొర మస్తు ముదిరింది, ఈమె ఒక మందం పరదా ఎన్క నుంచి చూస్తున్నట్టే అన్నడు ఆ డాక్టర్. చెయ్యి పట్టీ తీసినంక ఒక కంటికి ఆపరేషన్ చేస్తనన్నడు. అందాంక ఊకె కూసోవద్దని మేము ఎండ షురూ చేద్దామనుకున్నం. అప్పుడు వచ్చింది అసలు ఫికర్. ఎండ ఏడున్నది? మా ఇంటి కప్పు రేకులది, మీదికి ఎక్కేటందుకు మెట్లు లేవు. గల్లీల పొద్దుగాల పాలబండ్లు, స్కూటర్లు. మెయిన్ రోడ్ దాంక పట్టీ వేసిన చేయితోని ఆమెను నడిపించలేను.

నేను పోయి ఖలీల్ భాయ్ భార్య రబియా ఆపాను అడిగిన. పొద్దుగాల ఒక గంట మీ డాబా మీద కూసోబెట్టుకుంట అన్న. డాక్టర్ చెప్పింది గూడ చెప్పిన. ఆపా నా చేతులు పట్టుకున్నది. "మేరే బచ్చోంకు ఉనోచ్ దునియా మే లాయే. ఛత్ క్యా, పూరా ఘర్ లేలేవ్" అన్నది. నా పిల్లలను లోకంలకు తెచ్చింది ఆమెనే, డాబా ఏంది, ఇల్లంత తీసుకో అని. ఖలీల్ భాయ్ పక్కనే పేపర్ చదువుతున్నడు. మర్నాటికల్ల వెల్డింగ్ అతన్ని పిలిపించి వాళ్ల మెట్లకు ఇనుప పైపు పెట్టించిండు, వదినె పట్టుకొని ఎక్కేటందుకు. తన బంగ్లా మా ఇంటికి ఎండ ఆపిందని నేను ఆయనకు ఎన్నడు అనలె. ఆయనకు ఆ ఎరుక ఉన్నదని ఆ పైపు చూసినంక తెలిసింది.

మొదటి దినాలు మస్తు కష్టమైనయ్. వదినెకు పొద్దుగాలనే నిద్ర పట్టే యాళ్ల. లేపితె తిట్టేది. నైట్ డ్యూటీ చేసొచ్చినోళ్లను పండుకోనియ్యరా, మీకు మనసు లేదా అనేది. డాబా మీద కుర్చీల కూసొని కొంగు మొకం మీద కప్పుకునేది. నెత్తి నొస్తున్నదనేది. రబియా ఆపా పక్కకు కూసొని బియ్యం చేటల పోసుకొని ఏరుకుంట ముచ్చట పెట్టేది. ఆపా బిడ్డ అప్పుడు కాన్పుకు పుట్టింటికొచ్చి ఉన్నది. ఒకదినం ఆ పిల్ల మెల్లగ మెట్లెక్కి మీదికొచ్చింది. వదినె కొంగు తీసింది. ఆ పిల్లను దగ్గరికి పిలిచి, కాళ్లు చూపియ్యమని, వాపు ఉన్నదా లేదా వేలితోని నొక్కి చూసింది. నెల ఎన్నోదని అడిగింది. చాలాసేపు ఆ పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టి ఉన్నది. ఎండ ఆమె మొకం నిండ పడుతున్నది, కండ్లు తెరిచే ఉన్నయ్. ఆ తర్వాత నుంచి డాబా మీదికి పోదాం వదినె అంటె లేసేది. ఆ పిల్లను చూడాలె గద అనేది.

రాత్రికి రాత్రి ఏం మారలె, నేను అబద్ధం రాయను. కొన్ని వారాలైనంక చూస్తె ఆమె పగలు కునుకు తగ్గింది. అన్నం అడిగి తినుడు షురూ చేసింది. మాపున తిరుగుడు ఉన్నది గని గొళ్లెం దగ్గరికి పోవుడు తగ్గింది. అప్పటికి చెయ్యి పట్టీ తీసిండ్రు, కంటి ఆపరేషన్ అయింది. కంటి మీది ఆకుపచ్చ గుడ్డ తీసిన దినం వదినె నన్ను దగ్గరికి రమ్మని, నా మొకాన్ని అటు ఇటు తిప్పి చూసింది.

"సుజాతా, నీకు తెల్ల ఎంట్రుకలు వచ్చినయే. గప్పుడే?" అన్నది.

ఎన్నో నెలల తర్వాత ఆమె నన్ను చూసి, నా పేరు పెట్టి, నా గురించి అడిగిన మాట అది. నేను ఆమె ఒళ్లె తలకాయ పెట్టి ఏడ్చిన. ఆమె నా నెత్తిల తెల్ల ఎంట్రుకలు ఒకటొకటి పట్టి చూసుకుంట కూసుంది.

ఆపరేషన్ అయిన కన్ను మానినంక ఎండ ఇంకా మంచిగ పనిచేసింది. కంటి డాక్టర్ చెప్పినట్టు కొన్ని దినాలు నల్లద్దాలు పెట్టి, తర్వాత తీసేసినం. క్రిస్మస్ వచ్చేటాలకు ఆమె రాత్రి భోజనమైనంక పండుకొని, మధ్యల ఒకసారి లేసినా మళ్ల పండుకొని, తెల్లారంగ లేస్తున్నది. టాబ్లెట్ డాక్టరమ్మ చెప్పినట్టు తగ్గించుకుంట తగ్గించుకుంట పూర్తిగ తీసేసినం. ఇంటి మీద స్టార్ కడుతుంటె వదినె కింద నిలబడి, వంకర అయింది, ఇటు జరుపు అని తమ్మునికి చెప్పింది.

పండుగైనంక ఆశ్రమం వాళ్లు ఫోన్ చేసిండ్రు, జాగ ఖాళీ అయిందని. ఫోన్ ఎదురుగల్లీ ఎస్టీడీ బూతుకు వచ్చేది. మా ఆయన పోయి మాట్లాడొచ్చిండు. చెప్పులు విడిచి నేరుగ అక్క దగ్గరికి పోయిండు. ఆమె మంచం మీద కూసొని వెల్లుల్లి పొట్టు తీస్తున్నది. ఆయన గూడ కింద కూసొని తీసుడు షురూ చేసిండు.

"ఏమన్నవ్?" అని నేను అడిగిన.

"మా ఇంట్ల ఎవరి జాగ ఖాళీ అయితలేదని చెప్పిన" అన్నడు.

ఇంతటితోని కథ సాఫీగ పోలె. జూన్ల వానలు మొదలైనయ్. మబ్బు పట్టి దినాలకు దినాలు ఎండ లేదు. వాన పడుతుంటె డాబా మీదికి పోలేం. వదినె మళ్ల పగలు కునుకుతున్నది, పొద్దూకంగ సంచి దేవులాడుతున్నది. నాకు భయమైంది. మా ఆయన డాక్టరమ్మ ముందుగాల చెప్పిన లైట్ పెట్టె సంగతి యాది చేసుకొని, అఫ్జల్‌గంజ్ పోయి ట్యూబ్‌లైట్లు తెచ్చిండు. ఎలక్ట్రీషియన్‌తోని ఒక పలక మీద వరుసగ బిగించి, ముంగట పల్చటి తెల్లగుడ్డ కట్టించిండు. స్విచ్ వేస్తె అర్ర అంత పెండ్లి పందిరి తీరు వెలిగింది. పొద్దుగాల ఒక గంట పెట్టినం. మంచిగనే ఉన్నది అనిపించింది. పొద్దుగాలటిదే గింత మంచి చేస్తె మాపున గూడ పెడితె ఇంకా మంచిదనుకొని, ఆమె తిరుగుడు మొదలయ్యే యాళ్లకు గూడ వేసినం. రాత్రి భోజనం గూడ దాని ముంగటనే పెట్టినం.

వారంల అంత తలకిందులైంది. ఆమెకు నిద్ర మళ్ల దూరమైంది. నోటికొచ్చినట్టు తిడుతున్నది. కండ్లు మండుతున్నయన్నది. డాక్టరమ్మ దగ్గరికి ఉరికినం. ఆమె అంత విన్నది. తర్వాత అడిగింది. "బీపీ మాత్ర మంచిదని రెండు పూటలా నాలుగేసి వేస్తారా? వెలుతురుకీ వేళ ఉంటుందమ్మా. పొద్దుటిది నిద్రని ముందుకు తెస్తుంది. రాత్రిది వెనక్కి తోస్తుంది. ఈవిడ గడియారాన్ని మీరు మళ్లీ నైట్ డ్యూటీకి పంపించారు."

వదినె పక్కనే కూసొని ఉన్నది. నైట్ డ్యూటీ అనే మాట విని, "నేను రిటైరైన, డాక్టర్ గారూ" అన్నది. మేమంత నవ్వినం. వదినె గూడ నవ్వింది.

అప్పటి నుంచి ఆ పలక పొద్దుగాల ఒక్కసారే, అది గూడ ఎండ లేని దినాలే. సూటిగ కాకుంట జెర పక్కకు, చేయి చాపినంత దూరంల పెట్టినం. మాపున మామూలు లైట్లే, కాని మూలల నీడలు లేకుంట వేసేటోళ్లం. చీకటి పడకముందే వేస్తె ఆమెకు భయం తక్కువ. పండుకునే యాళ్లకు బాత్రూం దిక్కు చిన్న పసుపు బల్బు ఒక్కటే. వానకాలం ఎట్లనో గడిచింది. ఎండకాలం వస్తె వేరే పరేషాన్. పొద్దు పొడవంగనే వేడి మొదలయితది కాబట్టి తొందరగ ఎక్కి తొందరగ దిగేటోళ్లం.

ఇదంత జరిగి ఇప్పటికి నాలుగేండ్లు దాటింది. వదినె జబ్బు ఆగలె. డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి మేము మోసపోలె. ఇప్పుడు ఆమెకు నా పేరు యాదికి రాదు. నన్ను "సిస్టర్" అని పిలుస్తది. తన కింద పనిచేసే కొత్త నర్సు అనుకుంటది. గోర్లు కత్తిరించుకోలేదని కోపం చేస్తది, మంచిగ చేస్తె మెచ్చుకుంటది. ఒకదినం చర్చిల పాస్టరమ్మకు నన్ను చూపించి, ఈ పిల్ల మనసు పెట్టి పనిచేస్తదని చెప్పింది. నాకు అంత పెద్ద బహుమానం ఇంకెవరు ఇయ్యలె. తమ్మున్ని మాత్రం ఇప్పటికి దానం అనే పిలుస్తది, ఏందో మరి, ఆ పేరు పోలె. రెండో కంటికి గూడ ఆపరేషన్ చేయించినం. నడక మందమైంది, మెట్లెక్కేటప్పుడు ఒకరు ముంగట, ఒకరు ఎన్క ఉండాలె. కొన్ని మాపులు ఇప్పటికి గూడ ఆమెకు పానం కొట్టుకుంటది. అప్పుడు పక్కకు కూసొని చెయ్యి పట్టుకుంటె సల్లబడుతది. ఎన్కటి తీరు రాత్రంత కాదు.

డాబా మీద ఇప్పుడు మేము ముగ్గురమే కాదు. రబియా ఆపా మనుమరాలు గూడ ఉరుకుతుంటది. అది వదినె చేతులల్ల పుట్టలె, ఆమెకు అప్పటికే కాన్పు చేసే సత్తువ లేదు. కాని పుట్టిన వారానికి తెచ్చి ఆమె ఒళ్లెనే వేసిండ్రు. అది ఆమెను నర్సమ్మ అంటది. ఆమె దానిని రోజు ఒక కొత్త పేరుతోని పిలుస్తది. అది అన్నిటికి పలుకుతది.

నా గురించి గూడ ఒక మాట. ఆ ఏడాది నేను మస్తు చిడచిడలాడేదాన్ని, కారణం లేకుంట ఏడుపొచ్చేది. ఎండల కూసునుడు వదినె కోసం అనుకున్న. కొన్ని నెలలైనంక చూస్తె నాకు గూడ నిద్ర మంచిగ పడుతున్నది, బడిల పిల్లల మీద కసురుడు తగ్గింది. డాక్టరమ్మకు చెప్తె, ఎండ పేషెంట్ ఎవరో చూసి పడదు కదా అన్నది.

మీ ఇంట్ల గిట్ల రాత్రి పగలు కలిసిపోయిన పెద్దోళ్లు ఉంటె నేను ఒక్కటే చెప్త. నిద్రమాత్ర అడిగేకంటె ముందు, వాళ్లు పొద్దుగాల నుంచి మాపటిదాంక ఏ జాగల కూసుంటున్నరో పోయి మీరు గూడ ఆ కుర్చీల కూసొని చూడుండ్రి. అది చీకటి జాగ అయితె, డాక్టర్‌ను అడిగి, కండ్లు చూపించి, పొద్దుగాల ఒక గంట వాళ్లను వెలుతురుల కూసోబెట్టుండ్రి. కుర్చీ ఒకటి కాదు, రెండు వేసుకోండ్రి. వాళ్లను ఆడ వదిలి మీరు పనికి పోకుండ్రి. పనులు ఉంటయ్. వాటి దారిన అవి అయితయ్. ఆ గంట పక్కకు కూసొని వాళ్లు చెప్పే ముచ్చట వినుండ్రి, అది నిజమైనా కాకున్నా.